దండు తలపెట్టిన కార్యం

మూడులాకులు పట్టణంలో దోమకున్న స్వేచ్ఛ మనిషికి లేదని పెద్దవాళ్లు అంటూండేవారు. అది మాటవరసకి అన్న మాట. దానికి ప్రభుత్వం జీవో ఇచ్చిన ఏడాది జరిగిన సంగతి ఇది.

ఆ ఊరి మున్సిపల్ హెల్త్ ఆఫీసరు డాక్టర్ హైమవతి. ఊళ్లో డాక్టరమ్మ గారంటే ఆవిడే. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, మధ్యలో ఊరు. అలాంటి చోట హెల్త్ ఆఫీసరు ఉద్యోగమంటే నిలవనీటితో రోజూ తగువు. ఆ తగువులో ఆవిడ పక్షాన నిలబడేది ప్రజారోగ్య చట్టం ఒక్కటే. వానాకాలంలో నీరు నిలిచే గుంట ఎవరూ తవ్వకూడదు. తవ్వితే నోటీసిచ్చి పూడ్పించవచ్చు. జ్వరాల రోజుల్లో ఊరందరినీ పిలిచి భోజనాలు పెట్టకూడదు. అమ్మే తిండి మీద మూత ఉండాలి. ఈ నాలుగు ముక్కలూ పట్టుకుని ఆవిడ నెట్టుకొస్తోంది.

అంతకు ముందు వానాకాలం మున్సిపల్ హైస్కూలు పక్కనున్న కొబ్బరితోట వార్డులో డెంగీ వచ్చింది. నూకరత్నం పెద్దకూతురు పోయింది. నూకరత్నం ఆ హైస్కూల్లోనే పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుని, వచ్చే ఏడు ఈ బడి దరిదాపుల్లో చెంచాడు నీళ్లు కూడా నిలవనివ్వనని మాటిచ్చింది. డాక్టర్లు అలాంటి మాటలు ఇవ్వకూడదు. ఇచ్చేసింది. నూకరత్నానికి రెండో కూతురుంది. అదే బళ్లో ఎనిమిదో తరగతి.

ఆ వచ్చే ఏడు రానే వచ్చింది. దానితోపాటు సైన్యమూ వచ్చింది.

యుద్ధానికి కాదు, ప్రదర్శనకి. కుర్రాళ్లలో దేశభక్తి పెంచాలని, హైస్కూలు మైదానంలో తుపాకులు, జీపులు, గుడారాలు పెట్టి జనానికి చూపించాలని తలపెట్టారు. రబ్బరు పడవలో సైనికులు ఏరు దాటే విన్యాసం ఒకటి ఉంది. దానికి నీళ్లు కావాలి. మూడులాకుల్లో ఎటు చూసినా నీళ్లే గానీ, జిల్లా మంత్రిగారు కుర్చీలోంచి లేవకుండా చూడాలంటే ఆ నీళ్లు మైదానంలోనే ఉండాలి. కాబట్టి గుంట తవ్వాలి. వానాకాలంలో గుంట తవ్వకూడదని చట్టం. ఇలాంటప్పుడు గుంట మానుకోవడం ఒక పద్ధతి. ప్రభుత్వం రెండో పద్ధతి ఎంచుకుంది. జీవో ఇచ్చి చట్టాన్ని సవరించింది.

సవరణ ముందు ఇంగ్లీషులో తయారైంది. సైన్యం ప్రాయోజకత్వంలో జరిగే కార్యక్రమాలకు, వాటికి అడ్డువచ్చే రాష్ట్ర ప్రజారోగ్య చట్టాలు వర్తించవని దాని సారాంశం. అనువాదకుడు దాన్ని "సైనిక ప్రాయోజిత కార్యక్రమములు" అని రాశాడు. అచ్చతెలుగు అమలు సంఘం అధ్యక్షులవారు ఆ కాగితం చూసి, ఇందులో తెలుగు చివరనున్న 'లు' ఒక్కటే కదా అని బాధపడ్డారు. ఎర్ర సిరాతో కొట్టేసి, "దండు తలపెట్టిన కార్యాలు" అని రాశారు. కార్యం కూడా సంస్కృతమే కదండీ అని అనువాదకుడు అడిగితే, పెళ్లిళ్లకీ పేరంటాలకీ వాడి వాడి అది మనదైపోయిందన్నారు. రెండు ప్రతులకీ తేడా వస్తే తెలుగు ప్రతే చెల్లుతుందని చివర ఒక వాక్యం చేర్చి, భాషకి సేవ చేసిన తృప్తితో కాఫీ తాగారు.

ప్రదర్శన బాగానే జరిగింది. జనం తుపాకులు ముట్టుకుని చూశారు. పడవ గుంటలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లింది. ముగింపు సభకి వస్తానన్న మంత్రిగారు రాలేదు. సైన్యం రెండు రోజులు చూసి, వాళ్ల పనులు వాళ్లకున్నాయి గనక గుడారాలు విప్పుకుని వెళ్లిపోయింది. గుంటని మడిచి జీపులో పెట్టుకోవడం కుదరదు. అది మిగిలిపోయింది.

ప్రదర్శన కోసం బడికి సెలవులిచ్చారు. అవి దసరా సెలవుల్లో కలిసిపోయాయి. డాక్టరమ్మ సానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని గుంట చూడటానికి వెళ్లేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. ఏసుపాదం గరిటెతో ముంచి తెల్లపళ్లెంలో పోశాడు. పళ్లెమంతా లార్వా.

"మనకంటే క్రమశిక్షణగా ఉన్నాయండి. సైన్యం గాలి తగిలినట్టుంది," అన్నాడు ఏసుపాదం.

సాయంత్రంలోగా మోటారు పెట్టి తోడించమని చెప్పి ఆవిడ ఆఫీసుకొచ్చింది. బల్ల మీద బ్యాగు పెట్టేలోపు కమిషనర్ జోగినాథం గారి నుంచి కబురొచ్చింది.

జోగినాథం గారు మంచివారు. ఎవరి పనికీ అడ్డురారు, తన పనితో సహా. జీవో ప్రతి ఆవిడ ముందు పెట్టి, గుంట దండు తలపెట్టిన కార్యంలో భాగమని, మోటారు ఆపించానని చెప్పారు. కార్యం అయిపోయింది కదా అని ఆవిడ అడిగింది.

"ఎక్కడైందమ్మా? ముగింపు సభ జరగలేదు కదా. మంత్రిగారు వచ్చి ముగిసిందనాలి. అనలేదు. అంచేత సాగుతున్నట్టే లెక్క."

"సైన్యమే లేదు కదండీ అక్కడ."

"కార్యం ఉందమ్మా. సైన్యం ఉండాలని జీవోలో లేదు."

ఆవిడ ఊరుకోలేదు. ప్రదర్శన నడిపిన మేజర్ తివారీకి ఫోన్ చేసింది. ఆయన సంగతి విని నొచ్చుకున్నాడు. తన జవాన్లు ముగ్గురు మూడులాకుల నుంచి జ్వరం పట్టుకొచ్చారని, ఆ గుంట వెంటనే తోడించండని, తమకే మినహాయింపూ అక్కర్లేదని, అసలు ఆ జీవో ఎవరు అడిగారో తనకి తెలియదని చెప్పాడు. అదే మాట కాగితం మీద పెట్టి పంపాడు కూడా. ఆవిడ ఆ ఉత్తరాన్ని రాజధానికి పంపింది. సైన్యమే వద్దన్నాక ఇంకేముంటుంది అనుకుంది.

జవాబు మనిషి రూపంలో వచ్చింది. కొత్త జీవో సక్రమంగా అమలు కావడానికి ప్రభుత్వం మినహాయింపుల ప్రత్యేకాధికారి అని ఒక పదవి సృష్టించింది. మొదటి అధికారి విశ్వపతి గారు. ఆయన కారు దిగి, మున్సిపల్ ఆఫీసులో డాక్టరమ్మ గదే బాగుందని దానిలోకి దిగారు. డాక్టరమ్మ బల్ల వరండాలోకి మారింది.

మేజర్ ఉత్తరాన్ని విశ్వపతి గారు రెండుసార్లు చదివారు. తరవాత ఆయన చెప్పింది వినడానికి తేలిగ్గానే ఉంది. మినహాయింపు ప్రభుత్వం ఇచ్చినది. ఇచ్చినవారు తీసుకోవాలి గానీ, పుచ్చుకున్నవారు తిప్పి ఇవ్వడానికి సదరు జీవోలో నిబంధన లేదు. వద్దు అనే అధికారం సైన్యానికి ప్రసాదించబడలేదు. కాబట్టి మేజర్ గారి లేఖను ప్రభుత్వం కృతజ్ఞతతో స్వీకరించి పక్కన పెట్టడమైనది.

"మరి గుంట?" అంది ఆవిడ.

"యథాతథ స్థితి," అన్నారు విశ్వపతి గారు.

ఆ సాయంత్రం నూకరత్నం వరండాలోకి వచ్చింది. రోజూ వస్తోంది. కూర్చోదు. స్తంభానికి ఆనుకుని నిలబడి, గుంట ఎప్పుడు తోడతారండీ అని అడుగుతుంది. డాక్టరమ్మ ఆ రోజు ఆమెకి యథాతథ స్థితి అంటే ఏమిటో చెప్పింది. నూకరత్నం విని, "అంటే ఎక్కడి దోమలు అక్కడేనన్న మాట," అంది.

ఈలోగా దండు సోమరాజు గారి షష్టిపూర్తి వచ్చింది.

సోమరాజు గారికి రైస్ మిల్లులున్నాయి. ఇంటిపేరు దండు. ఆయన ఊరందరినీ భోజనాలకి పిలిచారు. ఊళ్లో అప్పటికే జ్వరాలు మొదలయ్యాయి గనక, డాక్టరమ్మ చట్టప్రకారం భోజనాలు ఆపమని నోటీసు పంపింది. సోమరాజు గారు నోటీసు చేత్తో పట్టుకుని స్వయంగా వచ్చారు. కోపంగా లేరు. వరండాలోనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"డాక్టరమ్మ గారూ, మేం ఎవరమండి?"

"సోమరాజు గారు."

"ఇంటిపేరండి."

"దండు వారు."

"ఆయ్. అదేనండి. దండు తలపెట్టిన కార్యానికి మీ చట్టం రాదంట కదండి. మా మిల్లు గుమాస్తా చదివి చెప్పాడు. నేనంత చదువుకోలేదండి. తప్పయితే చెప్పండి, వెళ్లిపోతాను."

ఆవిడ నవ్వింది. నవ్వినందుకు తరవాత చాలాకాలం చింతించింది. లోపలి గదిలోంచి విశ్వపతి గారు ఈ మాటలు విన్నారు. ఆయన నవ్వలేదు. సోమరాజు గారిని లోపలికి పిలిపించి, ఇంటిపేరుకి రుజువుగా రేషన్ కార్డు అడిగారు. కార్డు మీద దండు అని స్పష్టంగా ఉంది. జీవోలో సైన్యం అనే మాట లేనే లేదు. తెలుగు ప్రతే చెల్లుతుంది. వ్యక్తి దండు, తలపెట్టింది ఆయనే, షష్టిపూర్తి కార్యమే. మూడు షరతులూ నెగ్గాయి. భోజనాలు జరిగాయి. పనసపొట్టు కూర బాగుందని ఊరంతా చెప్పుకుంది. రెండు రోజులు తిరిగేసరికి ఊరు సగం విరేచనాలతో పడకేసింది.

ఇక్కడితో ఆగేది. కానీ మూడులాకుల్లో దండు ఇంటిపేరు లేనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు ఓటర్లు. ఒక ఇంటిపేరుకి ఇచ్చి మిగతావాళ్లకి ఇవ్వకపోతే వివక్ష అవుతుందని న్యాయసలహా వచ్చింది. విశ్వపతి గారు దండు అనే మాటకి నిర్వచనం తయారు చేయడానికి నిఘంటువు తెప్పించుకున్నారు. అందులో సేన అనే అర్థంతోపాటు గుంపు అనే అర్థమూ ఉంది. ఆయన రాసిన నిర్వచనాన్ని ఆఫీసు గోడకి అంటించారు: "దండు యనగా, ఒకటికి మించిన సంఖ్యలో ఉండి, ఒకే ఉద్దేశంతో, ఒకే దిశగా కదులునది."

మర్నాటి నుంచి ఊరి బోర్డులు మారాయి. హోటల్ యజమానుల సంఘం హోటల్ దండు అయింది. బజ్జీల బళ్లవాళ్లు ముందు ఒప్పుకోలేదు. మేం కదలం కదండీ, రోజంతా ఒకేచోట నిలబడతాం అన్నారు. బళ్లకి చక్రాలున్నాయి గనక కదలగలరని విశ్వపతి గారే ధైర్యం చెప్పారు. ఐసు అమ్మేవాళ్లు, మాంసం కొట్లవాళ్లు, క్లబ్బులో పేకాడేవాళ్లు దండ్లుగా నమోదయ్యారు. ఒంటరిగా కల్లు అమ్ముకునే ముసలాయన ఒకడు, ఒకటికి మించిన సంఖ్య లేదని తిరస్కరించబడి, మేనల్లుణ్ని పిలిపించుకున్నాడు. భజన బృందం వాళ్లు మాత్రం మాకు ప్రజారోగ్య చట్టంతో పేచీ ఏముందండీ అని తటపటాయించారు. అందరూ తీసుకుంటున్నప్పుడు ఊరుకోవడం బాగుండదని చివరికి వాళ్లూ తీసుకున్నారు.

దుకాణాల మీద మూతలు లేచిపోయాయి. ఈగలు వాలాయి. డాక్టరమ్మ రాసిన నోటీసులన్నీ తిరిగొస్తున్నాయి. ప్రతి దాని వెనకా ఒకటే ముద్ర: దండు. వర్తించదు.

ఏసుపాదం ఆ ముద్రలు చూసి, "ఊరంతా సైన్యమైపోయిందండి. ఇక శత్రువులం మనిద్దరమే," అన్నాడు.

ఆవిడకి ఊరి సంగతి తరవాత. సెలవులు అయిపోవస్తున్నాయి. బడి తెరిస్తే పిల్లలు ఆ గుంట పక్కనే కూర్చుంటారు. కొబ్బరితోట వార్డులో అప్పటికే ఇంటికొకరు జ్వరంతో ఉన్నారు. గుంట తోడనివ్వకపోతే పోయారు, కనీసం వార్డులో దోమల మందు పొగ కొట్టనివ్వండని ప్రభుత్వానికి నివేదిక రాసింది. పొగమందుకి ఎవరి మినహాయింపూ అడ్డు రాదని ఆవిడ నమ్మకం. నివేదికలో గట్టిగా చెప్పాలని, మామూలుగా తాను వాడని ధోరణిలో ఒక వాక్యం రాసింది: "ప్రతి సాయంత్రం గుంటలోంచి దోమల దండు లేచి కొబ్బరితోట వార్డు మీద పడుతున్నది."

విశ్వపతి గారు ఆవిణ్ని లోపలికి పిలిచారు. ఆ వాక్యం కింద గీత గీసి ఉంది.

"ఇది మీ దస్తూరీయే కదా?"

"అవునండి."

"దోమల దండు అన్నారు."

అది వాడుక మాటండి, ఎవరైనా అలాగే అంటారండి అని ఆవిడ చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డుపెట్టి, గోడ మీది నిర్వచనం చూపించారు. ఒకటికి మించిన సంఖ్య: ఉంది. ఒకే ఉద్దేశం: నివేదికను బట్టి ఉంది. ఒకే దిశ: కొబ్బరితోట వార్డు. హెల్త్ ఆఫీసరే ధ్రువీకరించారు గనక విచారణ కూడా అవసరం లేదు. పొగమందు కొట్టడం ప్రజారోగ్య చట్టం కింద చేసే పని. దండు తలపెట్టిన కార్యానికి అది అడ్డు వచ్చును. కాబట్టి అనుమతి నిరాకరించడమైనది.

"దోమలు దరఖాస్తు పెట్టలేదు కదండీ," అంది ఆవిడ ఆఖరి ప్రయత్నంగా.

విశ్వపతి గారు కొంచెం ఆలోచించారు. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు.

"నిజమే. నోరులేని జీవాల తరఫున ప్రభుత్వమే స్వయంగా చొరవ తీసుకోవాలి," అని, దోమల దండుకి గుర్తింపు సంఖ్య కేటాయించారు.

ఆ సాయంత్రం నూకరత్నం వచ్చినప్పుడు డాక్టరమ్మ జరిగింది చెప్పింది. దాచలేదు. దండు అన్న మాట తానే రాశానని కూడా చెప్పింది.

"పెద్దదాన్ని తీసుకెళ్లిన దోమ గూడా దండులోదేనాండి?" అంది నూకరత్నం.

డాక్టరమ్మ నివేదిక ప్రతిని మడిచి పక్కన పెట్టింది.

"సోమవారం బడి తెరుత్తారండి. చిన్నది కొత్త జడరిబ్బన్లు గూడా కొనుక్కుంది. మానిపించమంటే మానిపిత్తానండి. మానిపించి ఇంట్లో ఉంచితే మాత్తరం, మా ఇల్లు గుంటకి అవతలి పక్కేనండి," అని వెళ్లిపోయింది.

శనివారం నాడు విశ్వపతి గారు దండ్ల అమలుపై సమీక్షా సమావేశం పెట్టారు. కమిషనర్ జోగినాథం గారు, గుమాస్తాలు, దండ్ల ప్రతినిధులు వచ్చారు. జరిగే ప్రతి మాటా రాసుకోవడానికి ఒక స్టెనోగ్రాఫర్ కూర్చుంది. విశ్వపతి గారు ప్రగతి వివరిస్తున్నారు. మూడులాకులు రాష్ట్రానికే ఆదర్శమని, ఇక్కడ చట్టానికీ జనానికీ మధ్య ఘర్షణ లేకుండా పోయిందని, చట్టం ఎవరికీ వర్తించకపోవడమే దానికి కారణమని చెబుతున్నారు. డాక్టరమ్మ చివరి కుర్చీలో కూర్చుని ఉంది. ప్రగతిలో ఆవిడ శాఖకి వాటా లేదు.

అప్పుడు బయట చప్పుడైంది. కొబ్బరితోట వార్డు ఆడవాళ్లు వస్తున్నారు. ముందు నూకరత్నం. అందరి చేతుల్లో బిందెలు, బకెట్లు, గమేళాలు. అర్జీ ఇవ్వడానికి వచ్చామన్నారు గానీ, అర్జీ ఎవరి చేతిలోనూ లేదు. తిరుగుదారిలో హైస్కూలు ఉంది. ముందు ఇక్కడ అడిగి, తరవాత అక్కడికి వెళ్దామని బయల్దేరారు. కాదంటే బిందెలు అక్కడే వాడదామని. బంట్రోతు ఆపబోయాడు. ఒకామె వాణ్ని, "మా యింటాయన జొరంలో కలవరిత్తంటే గూడా ఇంతకంటే తెలివిగా మాటాడతాడ్రా, తప్పుకో," అంది. వాడు తప్పుకున్నాడు.

గుమ్మం నిండిపోయింది. విశ్వపతి గారు కళ్లజోడు సవరించుకుని, విసుగ్గా అడిగారు:

"ఏమిటి కమిషనర్ గారూ, ఈ ఆడదండు ఏమిటి?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆరోగ్యశాఖలో ఇన్నేళ్లలో తాను ఏ సమావేశంలోనూ అలా లేవలేదని తరవాత ఏసుపాదంతో చెప్పుకుంది.

"సార్ అన్నది రాశారామ్మా?" అని స్టెనోగ్రాఫర్‌ని అడిగింది.

"రాశానండి. ఆడదండు."

విశ్వపతి గారికి రెండు క్షణాలు పట్టింది. అది వాడుక మాట, ఎవరైనా అలాగే అంటారు అని ఆయన మొదలుపెట్టారు. డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టలేదు. గోడ వంక చూసింది, అంతే. గదిలో అందరూ గోడ వంక చూశారు. ఒకటికి మించిన సంఖ్య. ఒకే ఉద్దేశం. ఒకే దిశ. ధ్రువీకరించింది సాక్షాత్తూ ప్రత్యేకాధికారి. విచారణ కూడా అవసరం లేదు.

"దండు తలపెట్టిన కార్యం ఏమిటో అడగండి సార్," అంది డాక్టరమ్మ.

ఆయన అడగలేదు. నూకరత్నమే చెప్పింది.

"గుంట తోడటమండి."

జోగినాథం గారు గాబరాపడ్డారు. ఒక దండు తలపెట్టిన కార్యం గుంట. దానిలోంచి పుట్టిన రెండో దండు తలపెట్టిన కార్యం వార్డు. మూడో దండు తలపెట్టిన కార్యం ఆ గుంట తోడటం. మూడింటికీ మినహాయింపు ఉంది. ఇప్పుడు ఎవరిది నెగ్గాలి? ఆయన విశ్వపతి గారి చెవిలో, పోలీసుల్ని పిలవమంటారా అని అడిగారు.

విశ్వపతి గారు జీవో తీశారు, నిఘంటువు తీశారు, చట్టాల పుస్తకం తీశారు. ఆడవాళ్లు గుమ్మంలో నిలబడే ఉన్నారు. ఒకామె బిందె చంక మార్చుకుంది. చాలాసేపటికి విశ్వపతి గారి ముఖం తేటపడింది. స్టెనోగ్రాఫర్‌ని రాసుకోమని చెప్పి, ఒక్కొక్క మాటా విడదీసి పలికారు.

"దండునకూ దండునకూ మధ్య సంభవించు ఘర్షణ యుద్ధమని పిలువబడును. యుద్ధము కేంద్ర జాబితాలోని అంశము. కాబట్టి ఇందులో రాష్ట్ర ప్రభుత్వము జోక్యము చేసుకొనజాలదు."

అంటే ఏంటండి అని నూకరత్నం డాక్టరమ్మని అడిగింది.

"ఎవరూ ఆపరు, వెళ్లండి," అంది డాక్టరమ్మ.

వెళ్లారు. గుంట తోడారు. నీళ్లు బిందెలతో తోడి, ఎండ పడే రోడ్డు మీద పారబోశారు. ఊరు చూడటానికి వచ్చింది. సోమరాజు గారు కూడా వచ్చారు. షష్టిపూర్తి తరవాత ఆయనా నాలుగు రోజులు మంచం పట్టి లేచారు. మిల్లు నుంచి ఊక ట్రాక్టరూ మట్టి ట్రాక్టరూ పంపించారు. "ఇది దండువారి మట్టేనండి, అడ్డేం ఉండదు," అన్నారు. గుంట పూడిపోయింది. ఏసుపాదం వార్డంతా పొగమందు కొట్టాడు. దోమల దండుకి మినహాయింపు ఉంది కదా అని గుమాస్తా ఒకడు గుర్తు చేస్తే, యుద్ధంలో అవన్నీ చూడరని చెప్పాడు.

సోమవారం బడి తెరిచారు. నూకరత్నం చిన్నకూతురు కొత్త రిబ్బన్లతో వచ్చింది.

వారానికి మంత్రిగారికి తీరిక దొరికింది. సైనిక ప్రదర్శన ముగింపు సభకి వస్తున్నారని, రబ్బరు పడవ విన్యాసం తిలకించి కార్యం ముగిసినట్టు ప్రకటిస్తారని రాజధాని నుంచి వర్తమానం అందింది. సైన్యం లేదంటే, పడవ అద్దెకి తెమ్మన్నారు. గుంట లేదంటే, తవ్వమన్నారు. కమిషనర్ జోగినాథం గారు మున్సిపాలిటీ తరఫున కంట్రాక్టరుని పిలిచారు. మర్నాడు పొద్దున్నే, పూడ్చిన గుంట పక్కనే, వంటశాలకి ఎదురుగా ముగ్గుతో గీత గీశారు. పలుగులు దిగాయి.

నూకరత్నం పొయ్యి మీద పప్పు వదిలేసి బయటికి వచ్చింది. కంట్రాక్టరు మనుషులతో ఏమీ అనలేదు. ఏసుపాదానికి కబురు పంపింది. ఏసుపాదం డాక్టరమ్మని సైకిల్ రిక్షాలో ఎక్కించుకుని వచ్చాడు.

డాక్టరమ్మ ముగ్గు గీత దగ్గర నిలబడి, ఈ కార్యం ఎవరు తలపెట్టారని కంట్రాక్టరుని అడిగింది. వాడు, "మున్సిపాలిటీయేనండి," అన్నాడు.

"సైన్యం కాదుగా?"

"కాదండి. ఆళ్లు రామన్నారంటండి."

"దండు వారు ఎవరైనా ఉన్నారా? భజన దండు, హోటల్ దండు, ఏదైనా?"

"లేదండి. కమిషనర్ గారి సంతకమేనండి."

ఆవిడ బ్యాగులోంచి నోటీసు పుస్తకం తీసింది. ఆ పుస్తకం తెరిచి చాలా రోజులైంది. వానాకాలంలో నీరు నిలిచే గుంట తవ్వుతున్నందుకు, ప్రజారోగ్య చట్టం కింద, వెంటనే పని ఆపి తవ్విన మేర పూడ్చవలసిందిగా మూడులాకులు మున్సిపాలిటీకి నోటీసు రాసింది. ఊళ్లో ఎవరికి పంపినా తిరిగొచ్చిన నోటీసు. ఇప్పుడు వెళ్లవలసిన చోటు ఒక్కటే మిగిలింది. దండుగా నమోదు కానిది ఊరంతా వెతికితే మున్సిపాలిటీ ఒక్కటే.

నోటీసు తానే పట్టుకెళ్లి కమిషనర్ బల్ల మీద పెట్టింది. జోగినాథం గారు చదివారు. వెనక్కి తిప్పి చూశారు. ముద్ర వెయ్యడానికి ఏమీ లేదు. విశ్వపతి గారి గది వైపు చూశారు. విశ్వపతి గారు ఎక్కడా సంతకం పెట్టకుండా మరో పట్టణానికి బదిలీ చేయించుకుని ముందు రోజే వెళ్లిపోయారు. గోడ మీది నిర్వచనం అలాగే ఉంది.

"మనం కూడా దండుగా నమోదు చేయించుకుని ఉండాల్సిందమ్మా. ఎవరికీ తోచలేదు," అన్నారు జోగినాథం గారు.

"దండుకోవడంలో మనం ఎప్పట్నించో ఉన్నామండి. కాగితమే లేదు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఏసుపాదం.

జోగినాథం గారు ఆ మాట విననట్టే ఉండి, నోటీసు అందినట్టు సంతకం పెట్టారు. పలుగులు వెనక్కి వెళ్లాయి. మంత్రిగారి కార్యక్రమం మళ్లీ వాయిదా పడింది. రాజధానిలో రికార్డు ప్రకారం ఆ ప్రదర్శన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

డాక్టరమ్మ తిరిగి బడి మీదుగా వెళ్లింది. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వంటశాల ముందు వరసగా నిలబడ్డారు. ముగ్గు గీత మీద ఎవరో అప్పటికే తొక్కుడుబిళ్ల గళ్లు గీసేశారు. నూకరత్నం గరిటె ఆపి, తల పైకెత్తి చూసింది.

"అడిగే పనేం లేదండి ఇవాళ. తినెళ్లండి," అంది.

డాక్టరమ్మ పప్పు గిన్నె మీద మూత ఉందో లేదో చూసింది. ఉంది. పళ్లెం తీసుకుని వరసలో నిలబడింది.